హాజరుకు నగదా, గైర్హాజరుపై ఆరానా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జనవరిలో ప్రారంభించిన అమ్మ ఒడి పథకం, ఒకటో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే పిల్లలున్న పేద తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించి, 75 శాతం హాజరును షరతుగా పెట్టింది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990 దశకంలో చేపట్టిన మార్గం వేరు. అందులో నగదు లేదు. ఏ పిల్ల బడికి రావడం లేదో, ఎందుకు రావడం లేదో గ్రామ యువకులు, ఉపాధ్యాయులు కలిసి ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తారు.

తల్లి ఖాతాలో పడే సొమ్ము పేద ఇంటికి నిజమైన ఆసరా. అయితే అమ్మ ఒడి షరతు ఏడాది మొత్తం హాజరును చూసేది కాబట్టి, పత్తి తీతల కాలంలో చేలోకి వెళ్లిన పిల్లను ఆ వారమే వెనక్కి పిలిచే ఏర్పాటు అందులో లేకపోయింది. పైగా షరతు తప్పినందుకు సాయం కోల్పోయేది, బహుశా అది అత్యంత అవసరమైన కుటుంబమే. ఇది నన్ను తీవ్రంగా కలవరపెడుతుంది.

రెండో మార్గం కారణం దాకా వెళ్తుంది: పశువుల కాపలా, చంటిబిడ్డ సంరక్షణ, ఉపాధ్యాయుడి దండన, చదువులో వెనకబడ్డానన్న సిగ్గు. బడి మానేసి చాలాకాలమైన వారిని ముందుగా వసతితో కూడిన బ్రిడ్జి శిబిరంలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం దాని ప్రత్యేకత. గైర్హాజరును తగ్గించడానికి నేను దీనికే మొగ్గుతాను. కాకపోతే ఓపికగల కార్యకర్తలు లేనిచోట, అద్దె ఇళ్లు తరచూ మారే నగర బస్తీల్లో, ఇది నిలవడం కష్టం.