పనికి కంచె మేలా, మనిషికి హామీ మేలా? అమెరికా రైల్వేల్లో గుమాస్తా పని తగాదా

అమెరికా రైల్వేల్లో యూనియన్లు చేసే పనిని బట్టి ఏర్పడ్డాయి. డ్రైవర్లది ఒకటి, సిగ్నల్ వాళ్లది ఇంకొకటి, పట్టాలు బాగుచేసేవాళ్లది మరొకటి. ఇలాంటి ఒక్కో పని వర్గాన్ని అక్కడ క్రాఫ్ట్ అంటారు. పోయిన శతాబ్దంలో స్టేషన్ ఆఫీసులోనూ ఇలా రెండు యూనియన్లు ఉండేవి. టెలిగ్రాఫర్లది 1886లో పుట్టింది, గుమాస్తాలది 1899లో. తంతి మీద కబుర్లు పంపడం మొదటివాళ్ల పని. సరుకు కాగితాలు, వ్యాగన్ల లెక్కలు రాయడం రెండోవాళ్లది.

రైల్వేలో రాత పని లేని ఉద్యోగి ఎవరు? కండక్టర్ తన బండి రిపోర్టు తానే రాయాలి, మేస్త్రీ హాజరు పట్టీ నింపాలి. ఎవరి పనికి సంబంధించిన కాగితం వాళ్లే రాసుకోవడంలో తప్పు లేదని అందరూ ఒప్పుకున్నారు. తంతి పని లేని గంటల్లో టెలిగ్రాఫర్‌కు ఆఫీసులోని రాత పని అప్పగించడమూ పాత ఆనవాయితీయే. గీత ఇంత పల్చగా ఉన్నచోట కొత్త మిషన్ ఒకటి వస్తే చాలు, తగాదా వచ్చినట్టే.

1952లో యూనియన్ పసిఫిక్ రైల్వేలో అదే జరిగింది. ఐబీఎం మిషన్లు వచ్చాక, అంతకుముందు టెలిగ్రాఫర్, గుమాస్తా విడివిడిగా చేసే పని ఒక్క మనిషితో అయిపోయింది. ఇది గుమాస్తా పనిలాగే ఉందని కంపెనీ దాన్ని గుమాస్తాలకు ఇచ్చింది. ఆ పని మాదేనని టెలిగ్రాఫర్లు కేసు పెట్టారు. ఇలాంటి గొడవను తేల్చడానికి అక్కడ ప్రయత్నించిన దారులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది ఎవరికి మేలు చేసిందో తెలుస్తుంది.

మొదటి దారి, ఎవరి కేసు వాళ్లదే. రైల్వే కార్మిక తగాదాల చట్టానికి 1934లో చేసిన సవరణతో షికాగోలో నేషనల్ రైల్‌రోడ్ అడ్జస్ట్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అప్పట్లో 36 మంది సభ్యుల్లో సగం కంపెనీల తరఫు, సగం యూనియన్ల తరఫు. ఓట్లు సమానమైతే బయటి నుంచి రిఫరీ వచ్చి తేలుస్తాడు. ఇలాంటి తగాదాను మొదట తేల్చాల్సింది ఈ బోర్డే, కోర్టు కాదు. న్యూయార్క్ రాష్ట్రం ఎల్మైరా యార్డులో ఇవే రెండు యూనియన్లు కొన్ని ఉద్యోగాల కోసం తగువు పడి, కంపెనీ రాష్ట్ర కోర్టుకు వెళ్తే, ఆ అధికారం బోర్డుదేనని 1950లో సుప్రీంకోర్టు చెప్పింది. యూనియన్ పసిఫిక్ కేసులో బోర్డు టెలిగ్రాఫర్ల ఒప్పందం ఒక్కటే ముందు పెట్టుకుని వాళ్లవైపు తీర్పిచ్చింది. గుమాస్తాల యూనియన్‌కు నోటీసు వెళ్లినా వాళ్లు రాలేదు. మా ఉద్యోగాల జోలికొస్తే మేమూ కేసు వేస్తామని మాత్రం చెప్పారు.

ఈ దారిలో యూనియన్‌కు లాభముంది. కంపెనీ రెండు ఒప్పందాల మీదా సంతకం పెట్టింది కాబట్టి ఒకే పనికి రెండు జీతాలు కట్టాల్సి రావచ్చు. అది అన్యాయమని కంపెనీ మొత్తుకుంది కానీ, నాకు అంత జాలి కలగదు. ఒకే పొలాన్ని ఇద్దరికి కౌలుకిచ్చినవాడి గోడులా ఉంది అది. అసలు లోపం వేరే ఉంది. రెండో యూనియన్ కేసు వేసి అదీ గెలిస్తే, రెండు తీర్పులూ చేతిలో ఉన్నా మిషన్ ముందు ఎవరు కూర్చోవాలో తేలదు.

రెండో దారి, అందరినీ ఒకే విచారణలో కూర్చోబెట్టడం. యూనియన్ పసిఫిక్ కేసు తన దాకా వచ్చినప్పుడు 1966 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెయ్యమంది. తీర్పు రాసింది జస్టిస్ బ్లాక్. కార్మిక ఒప్పందం మామూలు కాంట్రాక్టు లాంటిది కాదు, దాన్ని అర్థం చేసుకోవాలంటే పక్క యూనియన్ ఒప్పందాన్ని, అక్కడి ఆచారాన్ని, వాడుకను కూడా చూడాలి, కాబట్టి బోర్డు మొత్తం తగాదాను ఒకేసారి తేల్చాలి అన్నారాయన. జస్టిస్ ఫోర్టస్ ఒప్పుకోలేదు. వాదనగా చూస్తే బ్లాక్ చెప్పిందే గట్టిది. తేలకుండా నలిగే తగాదా కన్నా, ఓడిపోయినా తేలిన తగాదా నయం. కాకపోతే తేదీలు చూడండి. మిషన్ వచ్చింది 1952లో, ఎలా విచారించాలో తేలింది 1966లో. ఈ 14 ఏళ్లలో ఆ టెలిగ్రాఫర్ వయసు ఎంత పెరిగి ఉంటుంది?

ఈ రెండు దారులూ తగాదా వచ్చాక పనికొచ్చేవి. రాకముందే కాపాడేది ఒప్పందం మొదటి పేరాలో ఉండే స్కోప్ రూలు, అంటే ఆ ఒప్పందం ఎవరికి, దేనికి వర్తిస్తుందో చెప్పే రూలు. అది రెండు రకాలు. మొదటి రకంలో టెలిగ్రాఫర్, క్లర్క్ అంటూ ఉద్యోగాల పేర్లు మాత్రమే ఉంటాయి, పని ఏమిటన్నది ఉండదు. ఆ పని మాదేనని గెలవాలంటే, రైల్వే మొత్తంలో అది చాలాకాలంగా తమవాళ్లే చేస్తున్నారని యూనియన్ రుజువు చెయ్యాలి. ఎక్కడో ఒక మూల స్టేషన్‌లో వేరేవాళ్లు చేస్తున్నారని కంపెనీ చూపిస్తే కేసు కుంటుపడుతుంది. రాత పని అందరి చేతుల్లోనూ ఉండేది కాబట్టి గుమాస్తాలకు ఈ రుజువు తలనొప్పే. రెండో రకం రూలు ఉద్యోగాలతో పాటు పనిని కూడా కట్టేస్తుంది. ఇవాళ ఈ చోట గుమాస్తా చేస్తున్న పనిని యూనియన్ ఒప్పుకోకుండా ఇంకొకరికి ఇవ్వకూడదు. మిగతా రైల్వేలో ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న రాదు.

యూనియన్ వైపు నుంచి చూస్తే రెండోదే మేలు, అందులో వాదనకు తావు లేదు. కానీ ఈ కంచె పని ఉన్నంతవరకే. కంప్యూటర్లు వచ్చాక వ్యాగన్ల వివరాలు గుమాస్తా మళ్లీ ఎక్కించే అవసరం తగ్గింది. మొదట సమాచారం ఇచ్చేవాడే నేరుగా కంప్యూటర్‌లో ఎక్కించేస్తున్నాడు. మా పని ఇంకొకరికి ఇచ్చారని యూనియన్ అంటే, పని చేతులు మారలేదు, మధ్యలో ఒక అంచె మాయమైంది అని రిఫరీలు చాలా కేసుల్లో తీర్పిచ్చారు. పనిచుట్టూ ఎంత గట్టి కంచె కట్టినా, పనే లేకపోతే అది కాపలా కాసేది ఖాళీ స్థలానికే.

అందుకే నా ఓటు మూడో దారికి, అంటే మనిషికి హామీ ఇవ్వడానికి. 1965 ఫిబ్రవరి 7న అయిదు యూనియన్లు రైల్వేలతో దేశవ్యాప్త ఒప్పందం చేసుకున్నాయి. గుమాస్తాలు, టెలిగ్రాఫర్లు ఇద్దరూ అందులో ఉన్నారు. 1964 అక్టోబరు 1 నాటికి ఉద్యోగంలో ఉండి రెండేళ్ల సర్వీసు, 1964లో కనీసం 15 రోజుల పని ఉన్నవాళ్ల జీతానికి, ఉద్యోగానికి హామీ దొరికింది. రిటైరవడం, చనిపోవడం, తప్పు చేసి పోగొట్టుకోవడం లాంటివి ఉంటే తప్ప ఉద్యోగం పోదు. ఏ క్రాఫ్ట్‌లోనూ మనుషుల సంఖ్య ఏడాదికి 6 శాతానికి మించి తగ్గకూడదు. బదులుగా కంపెనీకి కొత్త మిషన్లు పెట్టుకునే హక్కు, పనినీ మనుషులనూ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే హక్కు వచ్చాయి. మార్చిన చోట పని ఒప్పుకోనివాడికి హామీ పోతుంది, సొంత ఊరు వదలలేనివాడికి అదో టెన్షన్. అయినా మిషన్ ముందు ఎవరు కూర్చున్నా ఇంటికి జీతం వస్తుందన్న ధైర్యం వేరు. అది షికాగోలో కేసు గెలిచి తెచ్చుకునే ధైర్యం కాదు.

ఈ ఒప్పందంలోనూ ఒక ముల్లు ఉంది. పనిని రైల్వే అంతటా మార్చుకోవచ్చు, కానీ క్రాఫ్ట్ గీత దాటకుండానే అని రాశారు. అంటే టెలిగ్రాఫర్ పని టెలిగ్రాఫర్‌కే, గుమాస్తా పని గుమాస్తాకే. 1952 మిషన్ లాంటిది ఇంకోటి వస్తే అదే గొడవ మళ్లీ. అది సద్దుమణగడానికి ఉపయోగపడింది 1969లో టెలిగ్రాఫర్ల యూనియన్ గుమాస్తాల యూనియన్‌లో కలిసిపోవడం. కలిసినంత మాత్రాన రెండు సీనియారిటీ జాబితాలు ఒకటైపోవు, దానికి ప్రతి రైల్వేతోనూ విడిగా మాట్లాడుకోవాలి. కనీసం ఇద్దరి తరఫునా మాట్లాడేది ఒకే యూనియన్ అయింది.

ఇక 1965లో కొత్తగా చేరిన కుర్రాడి సంగతి. గడువు తేదీకి అతను ఉద్యోగంలో లేడు కాబట్టి ఆ హామీ అతనికి వర్తించదు. అతని చేతిలో ఉన్నది స్కోప్ రూలు ఒక్కటే. అతనికైతే పనిని కట్టేసే రెండో రకం రూలు ఉన్న రైల్వేలో చేరమనే చెబుతాను.