పరిశోధన పత్రాల ఆంగ్లానువాదానికి ఏఐ ఉపకరణాలు: ఒక సమీక్ష

పరిశోధన ఫలితాలను ముందు తెలుగులో రాసుకొని, ఆపై ఆంగ్లంలోకి మార్చి పత్రికకు పంపాలనుకునేవారికి ఏఐ అనువాద ఉపకరణాలు ఎంతవరకు అక్కరకు వస్తాయన్నదే ఈ సమీక్ష విషయం. గూగుల్ ట్రాన్స్‌లేట్ 2017లో తెలుగుకు న్యూరల్ పద్ధతిని తెచ్చాక, వాక్యాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూసి అనువదించడం మొదలైంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, అనువాదం ఎలా ఉండాలో మనమే వివరించి చేయించుకునే వీలు కలిగింది.

ప్రయోగ పద్ధతులను వివరించే భాగంలో వీటి పనితనం నిజంగా మెచ్చదగినది. ద్రావణాన్ని వడపోసి, ఆరబెట్టి, తూచి, మళ్లీ కరిగించి అంటూ ఒకే వాక్యంలో పేర్చుకుపోయే క్రియలను, వాటి వరుస చెడకుండా, చిన్న చిన్న ఆంగ్ల వాక్యాలుగా విడదీస్తాయి. పారిభాషిక పదాల పట్టికను ముందే ఇస్తే చాట్ ఉపకరణాలు చాలావరకు దానికే కట్టుబడతాయి. లక్షలు, కోట్లలో రాసిన సంఖ్యలను మాత్రం ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

అసలు చిక్కంతా ఫలితాలను చర్చించే భాగంలో ఉంది. తెలుగులో సందేహమైనా, కాదు-లేదు అనే వ్యతిరేకార్థమైనా సాధారణంగా వాక్యం చివరి క్రియలోనే తేలుతుంది. ‘ఉష్ణోగ్రత పెరగడంతో ఎంజైము చురుకుదనం తగ్గి, దిగుబడి పడిపోయి ఉండవచ్చు’ అని రాసినప్పుడు ఆ సందేహం రెండింటికీ చెందుతుందని మనం గ్రహిస్తాం. ఉపకరణం మాత్రం ఎంజైము మందగించడాన్ని రుజువైన విషయంగా చెప్పి, సందేహాన్ని దిగుబడికే పరిమితం చేసే ప్రమాదం ఉంది. అలాగే, రెండు రాశులు కలిసి పెరిగాయన్న పరిశీలన, ఒకటి మరొకదానికి కారణమన్న వాదనగా మారిపోవచ్చు. వ్యాకరణ దోషమైతే కంటికి తగులుతుంది, కానీ ఇలా బలపడిపోయిన వాదన నున్నని ఆంగ్లంలో ఎవరికీ కనిపించదు. దానికి పత్రాన్ని పరిశీలించే పత్రిక సమీక్షకుల ముందు జవాబు చెప్పవలసింది రచయితే. నా దృష్టిలో ఈ ఉపకరణాల అతిపెద్ద లోపం ఇదే.

అందుకే మూలంలోనే ఒక్కో వాక్యానికి ఒక్కో వాదన చొప్పున రాసి, సందేహాన్ని ప్రతి వాక్యంలోనూ విడిగా తెలపడం మేలు. అనువాదాన్ని కొత్త సంభాషణలో తిరిగి తెలుగులోకి మార్పించి మూలంతో పోల్చితే కొన్ని తేడాలు బయటపడతాయి, అయినా ఆంగ్ల ప్రతిని స్వయంగా చదివి తూచగలిగినవారికే ఈ ఉపకరణాలను నేను సిఫారసు చేస్తాను. ఆధారాలుగా చూపే పత్రాల జాబితాను వీటికి అప్పగించకూడదు, ఎందుకంటే అసలు లేని పత్రాలను కూడా చాట్ ఉపకరణాలు ఉన్నట్టు చూపగలవు.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2023లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఏఐని రచయితగా చూపరాదు, దాని సాయం తీసుకుంటే ఆ సంగతి వెల్లడించాలి. రోగుల వివరాలున్న రాతప్రతిని బయటి సర్వర్లకు పంపే ముందు, ఆ సేవ మన పాఠాన్ని దాచుకుంటుందా, ఏఐ శిక్షణకు వాడుకుంటుందా అన్నది దాని నిబంధనల్లో చదివి తీరాలి.