హెడ్‌లైట్ హాలోజన్ బల్బులు: నాలుగు రకాలూ ఏళ్ల తరబడి వాడిన తర్వాత

నా కారుకు హెచ్4 రకం హాలోజన్ బల్బులు పడతాయి. ఒకే బల్బులో డిమ్‌కు 55 వాట్ల ఫిలమెంటు, బ్రైట్‌కు 60 వాట్ల ఫిలమెంటు ఉంటాయి. ఈ కారులోనే మామూలు బల్బులు, ఎక్కువ వెలుతురు పేరుతో అమ్మేవి, నీలి పూత వేసినవి, ఎక్కువ కాలం మన్నుతాయని చెప్పేవి మార్చి మార్చి వాడాను. వీధి దీపాలు లేని దారుల్లో రాత్రి ప్రయాణాలు ఎక్కువ కావడంతో వాటి మధ్య తేడాలు బాగానే అనుభవంలోకి వచ్చాయి. బల్బు మారిస్తే తేడా కనబడే మాట నిజమే. కానీ బల్బుకు అందే వోల్టేజి, ముందున్న అద్దం, దీపం వాలు సరిగ్గా లేని కారులో ఆ తేడా చాలావరకు వృథా అయిపోతుంది. అందుకే ఈ సమీక్షలో బల్బుల గురించి ఎంత రాశానో బల్బు చుట్టూ ఉన్నవాటి గురించి దాదాపు అంతే రాయవలసి వచ్చింది.

ముందుగా డబ్బా మీద కనిపించే శాతాల సంగతి చూద్దాం. 100 శాతం ఎక్కువ, 150 శాతం ఎక్కువ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. బల్బు ఇచ్చే మొత్తం వెలుతురు అంతగా పెరగడానికి అసలు వీలే లేదు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 37వ నియమావళి ప్రకారం హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర బ్రైట్‌లో 1650 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుతురును కొలిచే ప్రమాణం), డిమ్‌లో 1000 ల్యూమెన్లు ఇవ్వాలి. అటూ ఇటూ 15 శాతం తేడాను మాత్రమే అనుమతిస్తారు. డబ్బా మీది శాతం మొత్తం వెలుతురుకు సంబంధించినది కాదు. కారుకు ముందు సుమారు 50 నుంచి 75 మీటర్ల దూరంలో రోడ్డు మీద పడే వెలుతురును, నియమావళి కోరే కనీస స్థాయితో పోల్చి చెప్పే లెక్క అది. మంచి కంపెనీ తయారు చేసిన మామూలు బల్బు కూడా ఆ కనీస స్థాయిని తేలిగ్గానే దాటుతుంది కాబట్టి, రెండు బల్బుల మధ్య అసలు తేడా ఆ అంకె కంటే చాలా తక్కువగానే ఉంటుంది.

అలాగని ఎక్కువ వెలుతురు బల్బులు ఉత్త ప్రచారమని కొట్టిపారేయలేను. వాటిలో ఫిలమెంటు తీగ సన్నగా ఉండి, చుట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. లోపలి వాయువులో జెనాన్ కలిపి, ఒత్తిడి పెంచి, ఫిలమెంటును మరింత వేడి మీద మండిస్తారు. వెలుతురు వచ్చే చోటు చిన్నదై, ప్రకాశం పెరిగితే, బల్బు వెనక ఉండే మెరుపు గిన్నె, అంటే రిఫ్లెక్టర్, దానిని దూరానికి చక్కగా విసరగలదు. నా అనుభవంలో దగ్గరి రోడ్డు ఎప్పటిలాగే కనిపించింది; రోడ్డు అంచున వేసిన తెల్లగీత, మలుపు హెచ్చరిక బోర్డు, ఎదురుగా నడిచి వచ్చే మనిషి మాత్రం కాస్త ముందుగానే కంటబడేవారు. రాత్రి నడిపేవాడికి కావలసింది సరిగ్గా అదే. దానికి మూల్యం ఆయుష్షు. మామూలు బల్బుతో పోలిస్తే ఇవి గమనించదగినంత త్వరగా పోయేవి, ఒక పక్కది పోయిన కొద్ది వారాలకే రెండోది కూడా పోయేది. పగటిపూట కూడా డిమ్ లైటు వేసి నడిపే అలవాటున్నవారు, లేదా తమ కారులో అది తనంతట తానే వెలిగే ఏర్పాటు ఉన్నవారు ఈ రకం జోలికి వెళ్లకపోవడమే మేలు.

నీలి పూత బల్బుల మీద నాకు సదభిప్రాయం లేదు. హాలోజన్ ఫిలమెంటు సహజంగా ఇచ్చే వెలుతురు సుమారు 3200 కెల్విన్ల (కాంతి రంగును తెలిపే కొలమానం) దగ్గర కొంచెం పసుపుగా ఉంటుంది. దానిని తెల్లగా చూపించడానికి గాజు మీద వేసే నీలి పూత పసుపు, ఎరుపు కాంతిలో కొంత భాగాన్ని అడ్డుకుంటుంది తప్ప కొత్తగా కలిపేదేమీ ఉండదు. కారు ఎదుట నిలబడి చూస్తే అందంగా, ఆధునికంగా ఉంటుంది. లోపల కూర్చుని నడిపేటప్పుడు మాత్రం, ముఖ్యంగా వానలో, దాని బలహీనత బయటపడుతుంది. తడిసిన తారు రోడ్డు మన వెలుతురును వెనక్కి మన వైపు పంపకుండా అద్దంలా ముందుకే జారవిడుస్తుంది కాబట్టి అసలే తక్కువ కనబడుతుంది, దానిలోంచి మళ్లీ కొంత పూత మింగేస్తుంది. ఒక వానాకాలం వాడి వాటిని తీసేశాను.

దీర్ఘకాలం మన్నే రకం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పేరుకు తగ్గట్టే మన్నాయి. వెలుతురు మరికాస్త పసుపుగా, దూరం మరికాస్త తక్కువగా ఉంటుంది. ఊళ్లో వీధి దీపాల కింద తిరిగే కారుకు, లేదా బల్బు మార్చాలంటే బంపరు విప్పవలసి వచ్చే కారుకు ఇదే సరైనది.

అన్నిటికంటే ఎక్కువ తేడా నాకు వోల్టేజి దగ్గర కనబడింది. ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలిగించి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర కొలిస్తే 14.1 వోల్టులు ఉన్నాయి. అదే సమయంలో బల్బు వెనక కనెక్టరు దగ్గర కొలిస్తే 12.6 మాత్రమే వచ్చింది. మిగిలిన ఒకటిన్నర వోల్టు స్విచ్చులోను, సన్నటి వైర్లలోను, తుప్పు పట్టిన ఎర్త్ (కారు బాడీకి కలిపే తీగ) దగ్గరా ఖర్చయిపోతోంది. కనెక్టరు ఊడదీసి చూస్తే ఒక పిన్ను గోధుమరంగుకు తిరిగి, దాని చుట్టూ ప్లాస్టిక్కు కొద్దిగా మాడి ఉంది. ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజితో సమానంగా పెరగదు, తరగదు. దాదాపు వోల్టేజి 3.4వ ఘాతాన్ని అనుసరిస్తుంది. అంటే 5 శాతం వోల్టేజి తగ్గితే సుమారు 16 శాతం వెలుతురు పోతుంది. కనెక్టర్లు మార్చి, ఎర్త్ పాయింటు గీకి బిగించి, బ్యాటరీ నుంచి నేరుగా రిలే (స్విచ్చు నుంచి వచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరం) ద్వారా తగినంత మందం గల వైరు వేయించాక బల్బు దగ్గర 13.4 వోల్టులు వచ్చాయి. లెక్క ప్రకారం అది అవే బల్బులతో 20 శాతానికి పైగా అదనపు వెలుతురు, కంటికి కూడా స్పష్టంగా తెలిసింది. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం: వోల్టేజి పెరిగే కొద్దీ బల్బు ఆయుష్షు అంతకంటే చాలా వేగంగా తగ్గుతుంది, 5 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందువల్ల రిలే వేయించినవారు మామూలు బల్బులే పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

వైరింగు సరిచేసుకోకుండా 100/90 వాట్ల (బ్రైట్‌కు 100, డిమ్‌కు 90) బల్బులు పెట్టడం మాత్రం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఎక్కువ కరెంటు లాగిన కొద్దీ అదే వైరులో అంతకంత వోల్టేజి పోతుంది, హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత వేడికి మసకబారుతుంది. ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలిపే సంగతి సరే సరి. నియమావళి ప్రకారం ఆమోదం పొందిన బల్బు మీద వృత్తంలో ‘ఈ’ అనే ఆంగ్ల అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి; ఆ అంకె ఆమోదం ఇచ్చిన దేశాన్ని చెబుతుంది, 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. 100/90 బల్బుకు ఈ గుర్తు దొరకదు. నకిలీలు గుర్తును కూడా ముద్రిస్తారు గనుక నేను మరొకటి కూడా చూస్తాను. జతలోని రెండు బల్బులను పక్కపక్కన పట్టుకుని గాజులోంచి ఫిలమెంట్లను పరిశీలిస్తే, మంచి బల్బుల్లో రెండూ ఒకే ఎత్తులో, అక్షానికి సూటిగా ఉంటాయి. పేరు తెలియని ఒక కంపెనీ జతలో ఒకదాని డిమ్ ఫిలమెంటు కంటికి తెలిసేంత వంకరగా ఉంది. హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది, వెలుతురు పైకి ఎగజిమ్మకుండా గీత గీసినట్టు ఆపేది అదే. ఫిలమెంటు మిల్లీమీటరులో కొంత జరిగినా ఆ గీత చెదిరి, వెలుతురు ఎదుటి డ్రైవరు కళ్లలోకి పోతుంది. హాలోజన్ దీపంలో ఎల్ఈడీ బల్బు పెట్టినప్పుడు వచ్చే చిక్కు కూడా మూలంలో ఇదే.

పాలికార్బొనేటు అద్దం పసుపెక్కిన కారుకు బల్బు కొనడానికి ముందే ఆ అద్దానికి నీటి గరుకు కాగితంతో మెరుగు పెట్టించి, అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేయించాలి. పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ మసకబారుతుంది.

బిగించేటప్పుడు గాజును వేళ్లతో తాకకూడదనే మాట అందరూ వినే ఉంటారు. వెలిగిన బల్బు గాజు గోడ 250 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. ఆవిరైన టంగ్‌స్టన్ గోడకు అంటకుండా బల్బు లోపలి హాలోజన్ వాయువు దాన్ని తిరిగి ఫిలమెంటు దగ్గరికి చేర్చాలంటే ఆ వేడి ఉండాలి. చేతి జిడ్డు, ఉప్పు అంటిన చోట క్వార్ట్జ్ గాజు ఆ వేడికి దెబ్బతింటుంది. పొరపాటున తాకితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది. హెచ్4 అడుగున మూడు చెవులు ఉంటాయి, వెడల్పుగా ఉన్నది పైకి రావాలి. వెనక రబ్బరు మూత అంచు చుట్టూ సరిగ్గా కూర్చోకపోతే తేమ చేరి రిఫ్లెక్టరు పాడవుతుంది.

ప్రస్తుతం నా కారులో పేరున్న కంపెనీ మామూలు 60/55 బల్బులు, రిలే వైరింగుతో ఉన్నాయి. బల్బులు ఎప్పుడూ జతగానే మారుస్తాను, ఎందుకంటే పాత బల్బు పోకముందే దాని వెలుతురు తగ్గి ఉంటుంది. వెలుగుతున్న పాతదాన్ని మాత్రం పారేయకుండా దారిలో అవసరానికి కారులోనే ఉంచుతాను. మార్చిన ప్రతిసారీ గోడ ముందు కారు నిలిపి డిమ్ గీతను సరిచూడడం నా అలవాటు. హెడ్‌లైటు మీద గానీ, బానెట్ కింద గానీ ఉండే చీటీ మీద 1 శాతం అని ఉంటే, 10 మీటర్ల దూరంలో ఆ గీత దీపం మధ్య ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలని అర్థం. వెనక సీట్లు నిండినప్పుడు కారు ముందుభాగం లేస్తుంది కాబట్టి, డాష్‌బోర్డు మీద ఎత్తు సరిచేసే చక్రం ఉన్నవారు అప్పుడు దాన్ని తిప్పి వెలుతురును కిందికి దించుకోవాలి.