ఆన్‌లో తాళం: బ్రేకర్ క్లిప్పులు, రోటరీ హ్యాండిళ్లు చాలాకాలం వాడాక

ఫైర్ అలారం ప్యానెల్, సంప్ పంపు (గుంటలో చేరే నీళ్లను బయటికి తోడేది), వ్యాక్సిన్ ఫ్రిజ్: వీటికి వెళ్లే బ్రేకర్‌ని ఎవరైనా పొరపాటున ఆపేస్తే ఆ క్షణాన ఏమీ తెలియదు. తెలిసేసరికి నేల నిండా నీళ్లు ఉంటాయి, లేదా మందులన్నీ పాడైపోయి ఉంటాయి. అలాంటి సర్క్యూట్ల కోసమే స్విచ్‌ని ఆన్‌లో బిగించి ఉంచే పరికరాలు వచ్చాయి. ఇక్కడ చెప్పేది మూడు రకాల గురించి: ఎంసీబీ (ఇళ్లలోనూ ఉండే చిన్న బ్రేకర్) నాబ్‌కి చిన్న స్క్రూతో బిగించే క్లిప్, తాళం పట్టే బ్రాకెట్, ఎంసీసీబీలకూ (ఎక్కువ కరెంటుకి వాడే పెద్ద బ్రేకర్లు) ఐసొలేటర్లకూ (కరెంటుని కలిపి, విడదీసే స్విచ్‌లు మాత్రమే) ఉండే రోటరీ హ్యాండిల్ తాళం.

చాలామంది మొదట అడిగేది ఒకటే. నాబ్‌ని ఆన్‌లో బిగించేస్తే షార్ట్ అయినప్పుడు బ్రేకర్ పడుతుందా, అంటే ట్రిప్ అయి కరెంటు ఆపుతుందా? పడుతుంది. ఇప్పటి ఎంసీబీలన్నీ ట్రిప్ ఫ్రీ. అంటే లోపల నాబ్‌కీ, కదిలే కాంటాక్ట్‌కీ మధ్య ఒక లాచ్ ఉంటుంది. ఓవర్‌లోడ్ వేడికి బైమెటల్ పట్టీ వంగినా, షార్ట్ అయినప్పుడు కాయిల్ లాగినా ఆ లాచ్ ఊడి కాంటాక్ట్ తెరుచుకుంటుంది, నాబ్ కదిలినా కదలకపోయినా. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీకి మాగ్నెటిక్ ట్రిప్ (కాయిల్ వెంటనే పడేసే కరెంటు) 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య ఉండాలి. క్లిప్ పెట్టినందువల్ల ఆ అంకె మారదు. నమ్మకం కావాలంటే కరెంటు లీకైనా పడే బ్రేకర్, అంటే ఆర్‌సీబీవో మీద క్లిప్ బిగించి టెస్ట్ బటన్ నొక్కండి. నాబ్ పైనే ఉంటుంది, అవతల కరెంటు పోతుంది. ఎంసీసీబీలకైతే ముఖం మీద ట్రిప్ బటన్ ఉంటుంది, అది నొక్కి చూడాలి.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ట్రిప్ అయ్యాక నాబ్ ఆన్‌లోనే కనిపిస్తుంది. ప్యానెల్ తెరిచినవాడు వరసగా నాబ్‌లన్నీ పైకే ఉన్నాయని చూసి అంతా బాగుందనుకుని తలుపు మూసేస్తాడు. సంప్ పంపు మాత్రం ఆగిపోయి ఉంటుంది. కాబట్టి క్లిప్ ఒక్కటే కొనడం సగం పనే. దానికి తోడుగా లోడ్ వైపు చిన్న ఇండికేటర్ లాంప్ అయినా పెట్టాలి, లేదా బ్రేకర్ పడితే సంకేతమిచ్చే ట్రిప్ సిగ్నల్ కాంటాక్ట్‌ని పక్కన తగిలించి దాన్ని అలారానికి కలపాలి. కొన్ని బ్రేకర్ల ముఖం మీద ఎరుపు, ఆకుపచ్చ మారే చిన్న కిటికీ ఉంటుంది. అది నాబ్‌ని కాకుండా కాంటాక్ట్‌ని అనుసరిస్తుంది. అలాంటి బ్రేకర్ ఉంటే ఆ కిటికీని కప్పేసే క్లిప్ వద్దే వద్దు. ఫ్రిజ్‌లకైతే బ్యాటరీతో నడిచే ఉష్ణోగ్రత అలారమే నయం. బ్రేకర్ పడినా, ప్లగ్ ఊడినా, కంప్రెసర్ పోయినా అదే అరుస్తుంది.

ట్రిప్ అయిన బ్రేకర్‌ని మళ్లీ ఎక్కించాలంటే ముందు క్లిప్ తీయాలి. నాబ్‌ని పూర్తిగా కిందికి నొక్కితేనే లాచ్ పడుతుంది, ఆ తర్వాతే పైకి. పైనున్న నాబ్‌నే ఇంకా పైకి నెడుతూ బ్రేకర్ చెడిపోయిందని తేల్చేసేవాళ్లు ఉన్నారు. లోపం ఎక్కడుందో వెతక్కుండా ఎక్కించొద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో తేడా గమనించాలి. ఎంసీబీ ఆకారంలోనే, అదే 18 మిల్లీమీటర్ల వెడల్పులో ఐసొలేటర్లు వస్తాయి. వాటి ముఖం మీద బి, సి, డి రకం గుర్తు ఉండదు, లోపల ట్రిప్ యూనిట్టూ ఉండదు. దాన్ని ఆన్‌లో బిగిస్తే ఇక రక్షణంతా పైనున్న ఫ్యూజ్‌దో బ్రేకర్‌దో. ఆ పై రక్షణ ఈ వైరుకి సరిపోతుందో లేదో చూసుకున్నాకే క్లిప్ పెట్టాలి.

మూడింటిలో ఎక్కువచోట్ల నేను ఎంచుకునేది స్క్రూ క్లిప్పే. పొరపాటున తగిలే చేతిని ఆపుతుంది, అవసరమైతే చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంటనే తీయొచ్చు. బిగించే ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసి, అప్పుడే ముందు కవర్ విప్పండి. క్లిప్‌ని నాబ్ మొదలు దాకా దించి, జారకుండా ఉండేంత వరకే స్క్రూ తిప్పాలి. అంతకు మించితే నాబ్ ప్లాస్టిక్ చిట్లుతుంది. కవర్ మళ్లీ వేసి, బొటనవేలితో గట్టిగా కిందికి లాగి చూడండి. అన్ని బ్రేకర్లకూ సరిపోతాయని అమ్మే క్లిప్పులు కొనకు సన్నబడే నాబ్‌ల మీద నిలవవు, కొద్దికొద్దిగా పైకి జారిపోతాయి. ఆ బ్రేకర్ సిరీస్‌కి తయారీదారు ఇచ్చేదే తీసుకోండి. పోల్ వెడల్పు దాటిన క్లిప్ పక్క నాబ్‌కి అడ్డం పడుతుంది.

బ్రాకెట్ తాళాలతో బాధలు ఎక్కువ. బ్రాకెట్ చిల్లు కొలవకుండా తాళం కొంటే దాని కొక్కెం అందులో పట్టదు. పట్టినా పొడుగు కొక్కెం తాళం ముందుకు వేలాడి ప్యానెల్ తలుపు పడనివ్వదు. ప్లాస్టిక్ కాళ్లతో ఇరికించే రకాలు వేడి ప్యానెళ్లలో పెళుసెక్కి ఒకరోజు చేతిలో విరుగుతాయి. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం చూసేవాడి అలవాటులో ఉంది. స్విచ్ మీద తాళం కనిపిస్తే కరెంటు ఆపి ఉందనే అనుకుంటారు, ఎందుకంటే మరమ్మతులప్పుడు తాళాలు మామూలుగా ఆఫ్‌లోనే వేస్తారు. అందుకని ఆన్ తాళం ఎప్పుడూ ఎరుపు కాకూడదు, మరమ్మతు తాళాలతో కలిసే తాళంచెవి కాకూడదు, పక్కనే "ఆన్‌లో ఉంది, కరెంటు ఉంది" అన్న ట్యాగ్ వేలాడాలి.

రోటరీ హ్యాండిళ్లు మామూలుగా ఆఫ్‌లో తాళం పట్టేలానే వస్తాయి. ఎంసీసీబీల హ్యాండిళ్లలో కొన్నిటికి మాన్యువల్‌లో చూపిన చిన్న మార్పు చేస్తే ఆన్‌లోనూ పడుతుంది. సొంతంగా డ్రిల్ పెట్టకండి. తలుపుకి ఇంటర్‌లాక్ (స్విచ్ ఆన్‌లో ఉండగా తెరవనివ్వని ఏర్పాటు) ఉన్న ప్యానెల్ అయితే ఆన్‌లో తాళం పడ్డాక తలుపు కూడా తెరుచుకోదు, తాళంచెవి ఎక్కడుందో ప్యానెల్ మీదే రాసి ఉంచాలి.

ఎక్కడ వేయకూడదో కూడా చెప్పాలి. యంత్రాల మెయిన్ స్విచ్, మోటార్ పక్కనుండే ఐసొలేటర్, పసుపు మీద ఎరుపు హ్యాండిల్ ఉన్న ఏ స్విచ్ అయినా, ఇంటి మెయిన్. మనిషి షాక్‌లో ఉన్నప్పుడు దగ్గరున్నవాడెవడైనా ఒక్క దెబ్బకి ఆపగలగాలి. ఫైర్ పంపు సంగతి వేరు. మంటల మధ్య కూడా అది నడవాలి కాబట్టి అమెరికా విద్యుత్ నియమావళి ఎన్‌ఈసీ 695వ ఆర్టికల్ దాని స్విచ్‌ని ఆన్‌లో తాళం వేయగలిగేలా ఉండాలంటుంది. అలాగే సబ్‌స్టేషన్‌లో పని జరుగుతున్నంతసేపు లైన్‌ని భూమికి కలిపే ఎర్త్ స్విచ్‌ని మూసి, అంటే ఆన్‌లో ఉంచి, తాళం వేయడం పనిచేసేవాళ్ల ప్రాణరక్షణకే.

ఆన్‌లో బిగించిన స్విచ్‌ని ఏళ్ల తరబడి ఎవరూ కదపరు. లోపలి గ్రీజు గట్టిపడుతుంది, కాంటాక్ట్‌ల మీద పొర పేరుకుంటుంది. ఏడాదికోసారి షట్‌డౌన్‌లో క్లిప్ తీసి, నాలుగైదుసార్లు ఆఫ్, ఆన్ చేసి, టెర్మినల్ స్క్రూలను తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించి, మళ్లీ క్లిప్ పెట్టండి. లోడ్ ఎక్కాక థర్మల్ కెమెరాతో ఒకసారి చూడండి. ఒక ఫేజ్ టెర్మినల్ మిగతా రెండిటికన్నా వేడిగా కనిపిస్తే, లోడ్ మూడు ఫేజ్‌లలో సమానంగానే ఉందని తేలితే, వదులు అక్కడే ఉండొచ్చు.