మైపాడు అలల మీద నాలుగేళ్లు: ఏ సైజు ప్యాడిల్‌బోర్డు కొనాలి?

నా బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఈ రెండు అంకెలూ చెప్పని ప్యాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డుతో నడిపే పలక) సమీక్ష ఎవరిది చదివినా పెద్దగా ఉపయోగం ఉండదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. నాలుగేళ్లలో మూడు బోర్డులు వాడాను. ఎక్కువ రోజులు నెల్లూరు దగ్గర మైపాడులో, అప్పుడప్పుడు ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో. ఇప్పుడు నా దగ్గర ఉన్నది 8 అడుగుల 10 అంగుళాల పొడవు, 30న్నర అంగుళాల వెడల్పు, 125 లీటర్ల ఘనపరిమాణం ఉన్న గట్టి బోర్డు. అంతకుముందు కొన్న రెండూ నాకు సరిపడలేదు. ఒకటి మరీ పెద్దది, రెండోది మరీ చిన్నది.

మొదటిది గాలి కొట్టే బోర్డు. పదిన్నర అడుగుల పొడవు, 32 అంగుళాల వెడల్పు, ఆరంగుళాల మందం, దాదాపు 300 లీటర్లు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు, స్కూటర్ మీద కూడా తీసుకుపోవచ్చు. బకింగ్‌హాం కాలువ నిలకడ నీళ్లలో నిలబడి తెడ్డు వేయడం దాని మీదే నేర్చుకున్నాను. ఆ పనికి అది మంచి బోర్డు, ఇప్పటికీ అదే మాట చెబుతాను. కష్టమంతా దాన్ని సముద్రంలోకి తీసుకుపోయాక మొదలైంది.

300 లీటర్ల బోర్డు నీటి మీద ఎత్తుగా తేలుతుంది. ఒడ్డున విరిగే ప్రతి అల నురగా దాన్ని ఎత్తి వెనక్కి విసిరేది. బోర్డు ముక్కు కిందికి నొక్కుదామంటే లోపల అంత గాలి, నొక్కుడు పడదు. పది నిమిషాలు పెనుగులాడి ఆ నురగ దాటి అవతలికి చేరితే, అల పట్టిన మరుక్షణం ముక్కు నీళ్లలోకి గుచ్చుకునేది. దీనికి కారణం మన తీరంలోనే ఉంది. మైపాడులో రాళ్లు లేవు, సముద్రంలోకి చొచ్చుకువచ్చే కొండ లేదు, తీరం తిన్నగా సాగిపోతుంది. నీటి అడుగున ఉన్న ఇసుక దిబ్బల మీద అలలు విరుగుతాయి. మామూలు రోజుల్లో అవి దగ్గర గాలులు లేపిన అలలే, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఐదు నుంచి ఏడు సెకన్లు. విరిగే ముందు అల ముఖం ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. దానికి పొడవైన, ముక్కు దగ్గర పెద్దగా వంపు లేని బోర్డు అమరదు. తోక అల మీద ఉండగానే ముక్కు కింది నీళ్లలో దిగిపోతుంది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, "అబ్బయ్యా, తెప్పకైతే ముందర మొన పైకి లేపి కడతాం. నీదేమో పలకలాగా ఉండాది. ఒడ్డు అల ఎట్టా దాటతావు?" అని అడిగాడు. బోర్డుల వాళ్లు రాకర్ అని పిలిచేది ఆ మొన వంపునే. అంతకుముందు పొడవు, వెడల్పు మాత్రమే చూసేవాణ్ని. ఆ రోజు నుంచి ఏ బోర్డు చూసినా ముందు పక్క నుంచి చూసి, ముక్కు ఎంత లేచి ఉందో గమనించడం అలవాటైంది. ఆ పెద్దాయనకు నేను నిజంగా రుణపడి ఉన్నాను.

గాలి బోర్డుకు అలల మీద ఇంకో లోపం, అంచు. ఆరంగుళాల గుండ్రటి అంచు నీటిని కోసుకుంటూ లోపలికి దిగదు. అందుకే అల మీద పక్కకు తిరగలేం, తిన్నగా ఒడ్డుకు రావడమే. ఎండ సంగతి కూడా చెప్పాలి. పొద్దున 15 పీఎస్ఐ గాలి కొట్టి మే నెలలో కారు మీద వదిలేస్తే, లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కినప్పుడు ఒత్తిడి 18 దాటుతుంది. నా బోర్డు అతుకు అలాగే విడిపోయింది. ఒడ్డుకు రాగానే కొంచెం గాలి వదిలేయండి.

రెండో బోర్డు చెన్నై అవతల కోవళం వైపు సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. 8 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 28న్నర, 100 లీటర్లు. అమ్మిన కుర్రాడు దాని మీద అలను అడ్డంగా కోసుకుంటూ పోతుంటే చూసి మనసు పారేసుకున్నాను. అతని బరువు 62 కిలోలు. అప్పుడు ఆ అంకెను నేను పట్టించుకోలేదు.

లెక్క తేలికే. ఒక లీటరు బోర్డు సుమారు ఒక కిలో బరువును తేల్చగలదు, ఉప్పు నీళ్లలో ఇంకాస్త ఎక్కువ. 100 లీటర్ల బోర్డు 102 కిలోలు మోస్తుందనుకుందాం. అందులో నా బరువు 78, బోర్డు సొంత బరువు 8, తడిసిన బట్టలు, తెడ్డు కలిపి 2. మిగిలేది 14 కిలోలు. నీళ్లు నిలకడగా ఉంటే అది చాలు. మన సముద్రంలో చాలదు. పక్క నుంచి చిన్న అల తగిలినా డెక్ (బోర్డు పైభాగం) మీదికి నీళ్లు ఎక్కేవి, కాళ్ల కింద బోర్డు జారేది. గంటలో యాభై నిమిషాలు నీళ్లలోంచి బోర్డు మీదికి ఎక్కడానికే సరిపోయేది. ఎనిమిది నెలలు పట్టుదలగా వాడాను. అందులో బాగున్న రోజులు ఐదో ఆరో. ఆ రోజులన్నీ దక్షిణాన ఎక్కడో దూరంగా పుట్టిన అలలు 12 సెకన్ల వ్యవధితో, నున్నగా వచ్చిన రోజులే.

బోర్డు లీటర్లను మన కిలోలతో భాగించి చూడమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. కొత్తవాళ్లకు రెండు దాకా, అలల మీద కుదురుకున్నవాళ్లకు ఒకటిన్నర అటూ ఇటూ, బాగా ఆరితేరినవాళ్లకు 1.2. నాకు ఆ 100 లీటర్లు 1.28 అయింది, అమ్మిన కుర్రాడికి 1.6. ఇప్పుడు నేను తృప్తిగా వాడుతున్న 125 లీటర్లు నా బరువుకు సరిగ్గా 1.6. ఆ రోజు అతను నాకు చూపించింది నిజానికి సరైన నిష్పత్తినే. నేను దాన్ని బోర్డు గొప్పతనం అనుకుని కొన్నాను.

లీటర్ల కంటే ముందు వెడల్పు చూడమంటాను. మైపాడులో రెండు అలల మధ్య ఆరు సెకన్లు నీళ్లు కుదురుగా ఉండవు. కింద ఒక అల, పక్కన ఇంకోటి, ఒడ్డుకు కొట్టి తిరిగొచ్చేది మరొకటి. అందులో నిలబడి మంచి అల కోసం ఎదురుచూడాలి. అలసట అంతా ఆ నిలబడటంలోనే, అల మీద ఉండేది కొన్ని సెకన్లే. 28న్నర అంగుళాల మీద నా మోకాళ్లు వణికేవి, 30న్నర మీద ఊపిరి తీసుకుని చుట్టూ చూడగలుగుతున్నాను. ఆ రెండు అంగుళాలే నన్ను ఈ ఆటలో నిలబెట్టాయి. అలాగని 33 అంగుళాలకు పోతే తెడ్డు వేయడానికి చెయ్యి మరీ పక్కకు చాపాలి, ప్రతి వేటుకూ ముక్కు పక్కకు తిరుగుతుంది, ఒక అంచు నుంచి ఇంకో అంచు మీదికి బోర్డును వాల్చడం ఆలస్యమవుతుంది. నా బరువు వాళ్లకు 30 నుంచి 31న్నర మధ్య చూసుకోమని చెబుతాను. పొడవు 8న్నర నుంచి 9న్నర అడుగులు. నురగ దాటేటప్పుడు పొట్టి బోర్డు ముక్కు సులువుగా లేస్తుంది. అల పట్టడానికి మాత్రం నాలుగు వేట్లు ఎక్కువ వేయాలి.

125 లీటర్ల బోర్డు మీద రెండున్నరేళ్లుగా ఉన్నాను. సెకండ్‌హ్యాండ్‌లోనే, 45 వేలకు. అడుగు కాస్త వెనక్కి వేస్తే తిరుగుతుంది, ముందుకు వేస్తే పరిగెత్తుతుంది. ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) మూడు పెట్టుకుంటాను, మధ్యది పెద్దది. తెడ్డు తగిలి అంచుల మీద రంగు లేచిపోయింది, అంచుకు టేప్ వేయించాక ఆగింది. ఒకసారి కింద చిన్న పగులు కనిపించింది. పగులుతో అలాగే దిగితే లోపలి ఫోమ్ నీళ్లు పీల్చుకుంటుంది. అందుకని వారం నీడలో ఆరబెట్టి ఎపాక్సీతో పూడ్చాను. ఇంట్లో దాన్ని నిలబెట్టడానికి గోడ దొరకడమే కష్టం, ఆ విషయంలో మాత్రం మడిచే బోర్డే సుఖం.

తెడ్డు పొడవు కూడా సైజు విషయమే, దాన్ని చాలామంది మర్చిపోతారు. కాలువలో నాకు 195 సెంటీమీటర్ల తెడ్డు సరిపోయేది. అలల మీద మోకాళ్లు వంచి కిందికి కూర్చున్నట్టు ఉంటాం కాబట్టి అది పొడవైపోయింది, కుడి భుజం నొప్పి పట్టుకుంది. 183కి కోయించాను, అంటే నా ఎత్తు కంటే పది సెంటీమీటర్లు ఎక్కువ. నొప్పి నెలలో పోయింది. కాలికి కట్టుకునే తాడు (లీష్) బోర్డు పొడవుదే, తిన్నటిది తీసుకోండి. చుట్టలు చుట్టుకున్న రకం నిలకడ నీళ్లకు.

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట: తొమ్మిది కిలోల బోర్డు నురగలో వదులైతే ఎవరి తలకైనా తగలొచ్చు. ఆదివారం సాయంత్రం, కార్తీక మాసంలో స్నానాలకు జనం వచ్చే రోజుల్లో నేను నీళ్లలో దిగను. తెల్లవారుజామున పడమటి గాలి నేల మీద నుంచి వీస్తూ అలల ముఖం నున్నగా ఉంచుతుంది, ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై అంతా చెదిరిపోతుంది. ఆ నున్నటి రెండు గంటలే నావి. ముందు రోజు కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సముద్ర సూచనలో అల ఎత్తుతో పాటు వ్యవధి కూడా చూస్తాను. హెచ్చరిక ఉంటే మైపాడు వైపు బండి తిప్పను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను రోజుల్లో అసలు లేదు. వేసవిలో ప్రవాహం ఉత్తరానికి లాగుతుంది, చలికాలంలో దక్షిణానికి, కాబట్టి ఒడ్డున ఉన్న సరుగుడు తోపును గుర్తు పెట్టుకుని ప్రతి అలకూ దాన్ని వెతుక్కుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి నీళ్లలో పడవలు, వలలు తక్కువ. వల తగులుతుందనే టెన్షన్ తగ్గి నేర్చుకోవడానికి ఆ రెండు నెలలు బాగుంటాయి.

ఇదే బోర్డు మా ఆవిడకు వేరే బోర్డు. ఆమె 54 కిలోలు, నిష్పత్తి 2.3. మూడో రోజే నిలబడి ఒడ్డు దాకా వచ్చింది. తిప్పడానికి మాత్రం ఆమెకు బరువు సరిపోవడం లేదు, ఇంకా పక్కకు మళ్లలేకపోతోంది. మా బావమరిది 96 కిలోలు. అతను ఎక్కితే డెక్ నీటి అంచు దాకా దిగింది, రెండు తెడ్డు వేట్లకే పడ్డాడు, లేచి మళ్లీ పడ్డాడు. అతనికి తొమ్మిదిన్నర అడుగులు, 32 అంగుళాల వెడల్పు, 165 లీటర్లది చూశాం. ముక్కు వంపు బాగుంది, అంచు నాలుగంగుళాలకు మించి లేదు. పోయిన ఆదివారం పొద్దున ఐదున్నరకే దిగాడు. మొదటి గంటంతా నురగలోనే గడిచింది. ఏడింటికి నడుము ఎత్తు అల ఒకటి పట్టి, చివరిదాకా నిలబడే వచ్చాడు.