ఎడమ పిడి రీల్: బరువు తగ్గిందంటే, ఎక్కడ తగ్గింది?

"అన్నా, ఎడమచేతి బెయిట్‌కాస్టర్ ఒకటి కావాలె. తేలికగా ఉండాలె, పదివేలు దాటొద్దు. ఏది తీసుకోమంటవ్?"

మృగశిర కార్తె వచ్చిందంటే ఊరంతటికీ చేపల కూర గుర్తొస్తుంది, గాలం పట్టేవాళ్లకు మాత్రం దారం చుట్టుకునే కొత్త రీల్ గుర్తొస్తుంది. పరకాల నుంచి ఒకరు, జమ్మికుంట నుంచి ఒకరు, పేర్లు మారతాయి గానీ ప్రశ్న ఇదే. నేనూ పోయిన దసరాకు సరిగ్గా ఇదే కొన్నాను. కొనేముందు ఒక రీల్‌ను పాడుచేసుకున్నాను కూడా. అందుకే ఈసారి ఫోన్‌లో ముక్కలుముక్కలుగా చెప్పకుండా ఒక్కచోట రాస్తున్నా.

ముందు ఆ "ఎడమచేతి" అన్న మాట సంగతి తేల్చుకుందాం. బెయిట్‌కాస్టర్ అంటే రాడ్ పైన కూర్చునే రీల్, విసిరినప్పుడు దారం చుట్టిన గిరక, అదే స్పూల్, తానే తిరుగుతుంది. ఎడమచేతి రీల్ అంటే పిడి ఎడమ పక్కన ఉన్న రీల్, అంతే. ఎడమచేతి వాటం ఉన్నవాళ్ల రీల్ అని కాదు. కుడిచేత్తో విసిరి, రాడ్ అదే చేతిలో ఉంచుకుని, ఎడమచేత్తో తిప్పేవాళ్లకు ఇది. మా చిన్నమ్మ కొడుకు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. పేరు చూసి మురిసిపోయి ఎడమచేతి రీల్ తెప్పించుకున్నాడు. వాడు ఎడమచేత్తో విసురుతాడు, తిప్పాల్సిన పిడి కూడా ఎడమ వైపే వచ్చింది. ప్రతిసారీ రాడ్ చేతులు మార్చుకోవాల్సిందే. రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీల్ అయితే పిడి ఊడదీసి అటు బిగించుకోవచ్చు, బెయిట్‌కాస్టర్‌కు ఆ వీలు లేదు. నాలుగు రోజులు తిప్పలు పడి, "తమ్ముడి గుర్తుగా ఉంచుకో అన్నా" అని సగం ధరకు నాకే అంటగట్టాడు. ఆ రీల్ కథ తర్వాత చెప్తా.

చేతులు మార్చుకుంటే పోయేదేముంది అనేవాళ్లు ఉన్నారు. బొచ్చెకో రవ్వకో పిండి ఎర వేసి కూర్చుంటే ఏమీ పోదు. మనం వెళ్లేది కొర్రమట్ట కోసం. తామరాకుల సందులో ఎరగా విసిరిన రబ్బరు కప్ప పడిందో లేదో, నీళ్లు బుడుంగుమని లోపలికి లాగినట్టవుతాయి. ఒక్కోసారి మొదటి తిప్పు కూడా పడకముందే. అప్పటికి రాడ్ కుడిచేతి నుంచి ఎడమచేతికి మారుతూ ఉంటే దారం వదులుగా ఉంటుంది. కొక్కెం గట్టిగా దిగదు, దిగినా చేప తామరకాడల్లోకి దూరి ఒక చుట్టు చుట్టేస్తుంది. ఆ తర్వాత మీరు లాగేది చేపను కాదు, చెరువును. కుడి పిడికి పదేళ్లుగా అలవాటు పడ్డవాళ్లు అలవాటు మార్చుకోనక్కర్లేదు, వాళ్ల చేతులకు ఆ మార్పిడి రెప్పపాటు పని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఎడమకే వెళ్లండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు బొమ్మను నమ్మొద్దు. అమ్మేవాళ్లు రెంటికీ కుడి పిడి ఫొటోనే పెట్టేస్తుంటారు. పైగా దారం బయటికొచ్చే వైపు నుంచి తీసిన ఫొటోలో ఎడమ పిడి కుడిగా కనిపిస్తుంది. మోడల్ నంబరే చూడాలి. షిమానో కంపెనీ రీళ్లలో చివరి అంకె: 150 అంటే కుడి, 151 అంటే ఎడమ. దైవా, ఆబూ గార్సియాల్లో సాధారణంగా పేరు చివర ఎల్ అక్షరం ఉంటే ఎడమ.

ఇక బరువు. అందరూ అడిగేది ఇదే, అందరూ తప్పుగా అడిగేదీ ఇదే. ఈ ధరలో దొరికే మంచి లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువగా, చదునుగా ఉండే) రీళ్లు చాలావరకు 190 నుంచి 215 గ్రాముల మధ్యే తిరుగుతాయి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా పది, పదిహేను గ్రాములు. అంటే గాలానికి కట్టే కప్ప బరువంత. పొద్దున ఆరు నుంచి పది దాకా విసిరినా ఆ తేడా మణికట్టుకు తెలియదు. రాడ్ ముక్కు బరువుగా ఉంటే మాత్రం ఇట్టే తెలుస్తుంది. మరి అదే డబ్బులో, ఇంకా తక్కువలో, 170 గ్రాములే అని అట్ట మీద రాసుంటే ఏమనుకోవాలి? ఆ ముప్పై గ్రాములు ఎక్కడ కోశారో చూడాలి. నా మటుకు మొత్తం ఎంపిక ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తేలిపోయింది.

తమ్ముడు అంటగట్టిన రీల్ అలాంటిదే. కంపెనీ పేరు ఎందుకు గానీ, అరచేతిలో పెట్టుకుంటే పిచ్చుక పిల్లలా ఉండేది. అట్ట మీద డ్రాగ్, అంటే చేప గుంజినప్పుడు దారం జారిపోకుండా పట్టే బిగువు, 8 కిలోలని రాసుంది. వానలు తగ్గాక పరకాల వైపు ఒక ఊరి చెరువులో, మత్తడి దాటి శికం వైపు తామర దట్టంగా ఉన్నచోట నిలబడ్డాను. మూడో విసురుకే కప్ప మాయమైంది. రాడ్ గుంజి కొట్టాను, కొక్కెం దిగింది. డ్రాగ్ పూర్తిగా బిగించి ఉంది, తామరలో ఎవరైనా అలాగే బిగిస్తారు. రెండు తిప్పులు బాగానే పడ్డాయి. మూడోదానికి లోపల కటకటమంది. పిడి తిరుగుతోంది, స్పూల్ తిరగట్లేదు. చూస్తే పిడి వైపు మూతకీ ఒంటికీ మధ్య సన్నటి సందు, గోరు దూరేంత. లాగినప్పుడు తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. చేప రెండు కిలోలు ఉంటుంది. పోయిన చేప కాబట్టి మూడనుకున్నా మీ ఇష్టం.

ఇంటికొచ్చి విప్పితే విషయం అర్థమైంది. ఒళ్లూ మూతా రెండూ గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్. పిడి తిప్పినప్పుడు పెద్ద పళ్లచక్రం, స్పూల్ ఇరుసు మీదున్న చిన్న పళ్లచక్రాన్ని తిప్పుతుంది. రెంటి పళ్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసుండాలి. బరువు పడ్డప్పుడు ఒళ్లు మెలి తిరిగితే పళ్లు అంచుల మీదే కలుస్తాయి, ఇంకాస్త మెలి తిరిగితే జారతాయి. నా రీల్‌లో ఇత్తడి చక్రం మీద నాలుగు పళ్ల కొనలు అరిగి మెరుస్తున్నాయి. డ్రాగ్ 8 కిలోలు పట్టే మాట నిజమే కావచ్చు, ఆ 8 కిలోలను మోసే ఒళ్లే అక్కడ లేదు. షిమానో ఎస్ఎల్‌ఎక్స్ 151కి కంపెనీ చెప్పే డ్రాగ్ 5 కిలోలే. లోహపు ఒంట్లో ఆ 5 కిలోలు నిజంగా 5 కిలోలు. మన చెరువు కొర్రమట్టకు అంతకన్నా అక్కర్లేదు.

దుకాణంలో కొంటే ఒక పరీక్ష చేయండి. రీల్ అడుగున రాడ్‌కు బిగించే పట్టీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో పిడిని తిప్పే దిశలో కాక పక్కకు, పైకీ కిందికీ నెట్టండి. మూత కదిలినట్టనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. పార్సిల్‌లో తెప్పిస్తే, వెనక్కి పంపే గడువు లోపే దారం కొసను గేటుకు కట్టి, డ్రాగ్ బిగించి, రాడ్‌ను నేరుగా గేటు వైపు పెట్టి రెండు తిప్పులు తిప్పి చూడండి. గేటు దగ్గర బయటపడేది గేటు దగ్గరే బయటపడనివ్వండి.

ఇప్పుడు రీళ్లు. గ్రాఫైట్ ఒంటితో, తక్కువ ధరలో బాగా పేరున్నది ఆబూ గార్సియా బ్లాక్ మ్యాక్స్. నేను పైన చెప్పిన దానితో దీన్ని ఒక గాటన కట్టలేం. గ్రాఫైటే అయినా ఒళ్లు ఒకే ముక్కగా పోసింది, కాస్త మందంగా ఉంటుంది, అందుకే బరువు 200 గ్రాములు దాటుతుంది. చూశారా, నిజాయితీగా చేసిన చవక రీల్ తేలికగా ఉండదు! విసిరినప్పుడు స్పూల్ వేగాన్ని అదుపుచేసే అయస్కాంతపు బ్రేక్, బయట చిన్న డయల్, 6.4 గేరు (పిడి ఒక చుట్టు తిరిగితే స్పూల్ 6.4 చుట్లు). తామర లేని నీళ్లలో, కట్ట మీది నుంచో తూము దగ్గరి నుంచో చిన్న ప్లగ్గులు (గట్టి ఒంటి నకిలీ చేప ఎరలు) విసిరేవాళ్లకు, అసలు బెయిట్‌కాస్టర్ అంటేనే కొత్త అయినవాళ్లకు ఇది చాలు. తామరలోకి మాత్రం నేను తీసుకెళ్లను.

లోహపు ఒళ్లు, పదివేలకు అటూఇటూ అంటే నాకు తేలినవి రెండే: షిమానో ఎస్ఎల్‌ఎక్స్ 151, దైవా ఫ్యూగో సీటీ. ధరలు నెలకోలా ఉంటాయి, ఎడమ పిడి స్టాకు రావడమే గగనం, కాబట్టి రూపాయల లెక్క వేయను. దైవా టాట్యులా ఈ ఫ్యూగోకు అన్న లాంటిది. బరువు ఎస్ఎల్‌ఎక్స్ లాగే 195 గ్రాములు, దారం బయటికి పోయేచోట టీ ఆకారపు వెడల్పాటి సందు ఉండటంతో విసిరినప్పుడు రాపిడి తక్కువ. బడ్జెట్ సాగదీయగలిగితే తీసుకోండి, సాగదీయలేకే కదా ఈ గొడవంతా.

ఎస్ఎల్‌ఎక్స్, ఫ్యూగోల మధ్య తేడా బ్రేకు దగ్గర. దైవాది అయస్కాంతం. బయటి డయల్ మీద 0 నుంచి 20 దాకా అంకెలు, బొటనవేలితో తిప్పితే సరి. సాయంత్రం గాలి మారి ఎదురు కొట్టడం మొదలైతే నాలుగు అంకెలు పెంచుతారు, పని అయిపోతుంది. షిమానోది స్పూల్ వేగానికి బయటికి జరిగి రాసుకునే చిన్న ముక్కల బ్రేక్. నాలుగు ముక్కల్లో ఎన్ని పనిచేయాలో పక్క మూత తీసి పెట్టుకోవాలి, ఆ తర్వాత సన్నని సర్దుబాటుకు బయట డయల్ ఉంది. ఒకసారి సరిగ్గా కుదిరితే విసురు చివరిదాకా సాఫీగా పోతుంది, దూరమూ వస్తుంది. కుదిరేదాకా మాత్రం దారం స్పూల్ మీద చిక్కుపడి పిచ్చుకగూడు కడుతూనే ఉంటుంది. రబ్బరు కప్ప ఉబ్బుగా ఉంటుంది కాబట్టి గాలిలోనే వేగం తగ్గుతుంది, స్పూల్‌కు ఆ సంగతి తెలియదు, అక్కడే గూడు. మొదటి నెలలో సగం పూట గూళ్లు విప్పడానికే పోతుందంటే బాధపడేవాళ్లు దైవాకు వెళ్లండి. అందులో తప్పేమీ లేదు.

నేను కొన్నది ఎస్ఎల్‌ఎక్స్. కారణం బ్రేకు కాదు, అరచెయ్యి. నాది చిన్న చెయ్యి. రీల్‌ను రాడ్‌తో కలిపి పట్టుకున్నప్పుడు పక్క మూత పూర్తిగా అరచేతిలో ఇమిడింది, బొటనవేలు స్పూల్ మీద దానంతటదే పడింది. కేటలాగులో గ్రాములు చూసేవాళ్లు చూసుకోవాల్సింది అసలు ఇది. అరచేతిలో ఇమిడిన 195 గ్రాములు, ఇమడని 180 గ్రాముల కన్నా తేలిక. చెయ్యి పెద్దదైతే మీకు ఫ్యూగోనే బాగుండొచ్చు.

గేరు సంగతి చప్పున చెప్పేస్తా. 34 మిల్లీమీటర్ల స్పూల్ నిండుగా ఉంటే, 6.4 గేరుకు ఒక్క తిప్పుకి 68 సెంటీమీటర్ల దారం లోపలికొస్తుంది, 7.2కు 77 సెంటీమీటర్లు. కప్పకు 7.2 తీసుకోండి. 8.2 కూడా ఉంది గానీ తామర చుట్టుకున్న చేపను లాగేటప్పుడు పిడి బరువెక్కుతుంది.

మిగతావి. 160 గ్రాముల చుట్టుపక్కల వచ్చే ఫినెస్ రీళ్లు ముద్దుగానే ఉంటాయి, కానీ వాటి స్పూల్ లోతు తక్కువ, అవి ఉన్నది నాలుగైదు గ్రాముల ఎరలకు, సన్న దారానికి. ఆబూ వాళ్ల గుండ్రటి పాత రీల్ అంబాసడర్ 6501 మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, కాకపోతే 300 గ్రాములు దాటుతుంది. తేలిక అని అడిగినవాళ్లకు దాని గురించి చెప్పి లాభం లేదు. ఏడు గ్రాముల లోపు బుల్లి కప్పలే వేస్తానంటే స్పిన్నింగ్ రీల్ కొనుక్కోండి, డబ్బూ తగ్గుతుంది, పిడీ ఏ పక్కకైనా మారుతుంది.

నిజంగా తేలిక కావాలంటే కొన్నాక చేసే పని ఒకటుంది. తగ్గాల్సింది ఒంటి బరువు కాదు, విసిరిన క్షణంలో తిరగడం మొదలుపెట్టే స్పూల్ బరువు. మనం విసిరేది పాతిక, ముప్పై మీటర్లు. దానికి నూటయాభై మీటర్ల అల్లిక దారం ఎందుకు? నేను నలభై పౌండ్ల లాగుడు తట్టుకునే దారం డెబ్బై మీటర్లే చుట్టాను. తడిసినా పెద్దగా బరువెక్కదు, ఎనిమిది గ్రాముల కప్ప కూడా బతిమాలించుకోకుండా పోతుంది. స్పూల్ నిండదు కాబట్టి ఒక్కో తిప్పుకి వచ్చే దారం కాస్త తగ్గుతుంది, 7.2 తీసుకోమన్నది అందుకు కూడా.

చెరువు విషయంలో రెండు ముక్కలు. ఊరి చెరువుల్లో చేప చాలావరకు మత్స్యకార సంఘం వాళ్లది, అడిగి వెయ్యండి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అక్కడ గాలం ఊసే వద్దు. వానాకాలంలో ఎర్రటి కొర్రమట్ట పిల్లల గుంపు నీటి మీద ఉడుకుతున్నట్టు కనిపిస్తే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏది వేసినా కొడతాయి. అక్కడ వెయ్యకండి.

దారం చుట్టేముందు స్పూల్‌కు నాలుగైదు మీటర్లు మామూలు తంగూసు చుట్టి, అల్లిక దారాన్ని దానికి ముడేయండి. నేరుగా కడితే అల్లిక దారం స్పూల్ మీద పట్టు లేక మొత్తంగా జారి తిరుగుతుంది. అప్పుడు డ్రాగ్ పాడైందని రీల్‌ను తిడతారు, నాకు ఫోన్ చేస్తారు.