తిరుపతిలో సాక్సోఫోన్ శుభ్రం చేయించడం: ఒక మరమ్మతు దుకాణంపై సమీక్ష

గోవిందరాజస్వామి ఆలయానికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పాత ఊరి సందులో, హార్మోనియాలు, డోళ్లు, బ్యాండు మేళం వాద్యాలు బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. మా ఆల్టో సాక్సోఫోన్‌ను అక్కడ విప్పించి పూర్తిగా శుభ్రం చేయించాము. వాద్యాన్ని తళతళలాడించి ఇవ్వాలని కోరుకునేవారికి ఈ దుకాణం నచ్చకపోవచ్చు. నాకు మాత్రం అది మెరుపు జోలికి పోకపోవడమే నచ్చింది.

ఇంట్లో ఇత్తడి బిందెకు చింతపండు పట్టించి తోమే అలవాటు ఉన్నవారికి, సాక్సోఫోన్ కూడా ఇత్తడే కదా అనిపించడం సహజం. అయితే చాలా సాక్సోఫోన్లకు ఇత్తడిపైన ల్యాకర్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. గరుకు పొడులు గానీ, ఇత్తడి సామానుకు వాడే పాలిష్‌లు గానీ మురికితో పాటు ఆ పూతను కూడా అరగదీస్తాయి. పులుపు మీటల సందుల్లోకి చేరి కడిగినా పోకుండా నిలిచిపోతే, ఇత్తడిని లోలోపల తినేస్తుంది. దుకాణం పెద్దాయన ఈ విషయాన్ని ఒక్క మాటలో తేల్చారు: “రుద్దితే మెరుస్తాది సార్, పూత పోయినాక మళ్లీ రాదు.”

పని జరిగే తీరు దగ్గర కూర్చుని చూడదగినది. ముందుగా మౌత్‌పీస్‌ను, మెడ గొట్టాన్ని వేరు చేశారు. తరువాత మీటలను పట్టి ఉంచే ఉక్కు కడ్డీలను ఒక్కొక్కటిగా లాగి, ఏ మీట ఎక్కడిదో తారుమారు కాకుండా తెల్లని గుడ్డపై అదే వరుసలో పేర్చారు. తోలు ప్యాడ్లకు తడి తగిలితే ఉబ్బి రంధ్రాన్ని సరిగా మూయవు కనుక, మీటలను నీళ్లలో ముంచకుండా మెత్తని గుడ్డతోనే తుడిచారు. ఒట్టి గొట్టాన్ని మాత్రం గోరువెచ్చని సబ్బునీళ్లతో, పొడవాటి బ్రష్‌తో కడిగారు. సన్నని సూది స్ప్రింగులకు తుప్పు పట్టకుండా వాటి చుట్టూ వెంటనే ఆరబెట్టారు. కడ్డీలకు అంటుకుని నల్లగా గట్టిపడిన పాత నూనెను తుడిచి, కొత్త నూనె ఒక్కొక్క చుక్క వేశారు.

అన్నిటికంటే ఎక్కువ సమయం మెడ గొట్టానికే పట్టింది. ఊపిరిలోని తేమ, ఉమ్మి ముందుగా చేరేది అక్కడికే. దాని పైభాగంలో, స్వరాన్ని పై స్థాయికి ఎత్తడానికి ఉండే సన్నని ఆక్టేవ్ రంధ్రం మూసుకుపోతే తారస్థాయి స్వరాలు తడబడతాయి. మా వాద్యంలో ఆ రంధ్రం నుంచి సన్నని కుంచెకు ఆకుపచ్చని చిలుము అంటుకుని వచ్చింది. లోపలి గోడపై గులాబీ రంగు చుక్కలు కూడా కనిపించాయి. ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగిలినచోట ఆ రంగు వస్తుంది. దానిని రుద్దితే లోహం పలచబడుతుందే గానీ జబ్బు ఆగదు; కాబట్టి వాయించిన ప్రతిసారీ లోపల గుడ్డ లాగి తడి తీయమని చెప్పి, ఆ చుక్కలను అలాగే వదిలేశారు. ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) మౌత్‌పీస్‌కు వేడినీళ్లు తగలకూడదని కూడా గట్టిగా చెప్పారు. తగిలితే నలుపు పోయి పచ్చబారుతుంది.

లోపాలు లేకపోలేదు. దుకాణంలో వెలుతురు చాలదు. అందువల్ల గంటలా విచ్చుకున్న చివరి భాగం దగ్గర, మీటల కడ్డీలను నిలిపి ఉంచే చిన్న స్తంభాల మొదట్లో పాత మురికి కొంత మిగిలిపోయింది. పక్క మీటలలో ఒకదాని మర వదులుగా ఉండిపోయింది, తిరిగి తీసుకువెళితే డబ్బు అడగకుండా బిగించారు. రసీదు ఇవ్వరు, ఏ పని చేశారో రాసి ఇవ్వరు. ఖరీదైన వాద్యం అప్పగించేవారికి ఇది ఇబ్బందే. అయితే ముందుగా చెప్పిన ధరకు పైసా ఎక్కువ అడగలేదు.

క్లారినెట్ తీసుకువెళ్లేవారు మీటలపై ఉన్నది వెండి పూతా, నికెల్ పూతా అన్నది ముందే తెలుసుకుని చెప్పడం మంచిది. వెండి పూత గాలిలోని గంధకం వల్ల నల్లబడుతుంది; ఆ పూత అతి పలుచన కనుక వెండికి వాడే గుడ్డతో తేలికగా తుడవడమే తప్ప పాలిష్ పట్టించకూడదు. పెళ్లిళ్ల ముహూర్తాలు ఉన్న నెలల్లో బ్యాండు వారి వాద్యాలతో దుకాణం నిండిపోతుంది, చెప్పిన రోజుకు పని కాదు. తొందర లేనివారు ఆషాఢంలో ఇస్తే, పెద్దాయన మీ ఎదుటే విప్పి, ఏది ఎందుకు తుడుస్తున్నారో ఓపికగా చెబుతారు.